గురువారం కప్పు

మా ఊళ్లో ఏం చేసినా దానికో కప్పు ఉండాలి. ఎవడి పెరట్లో ఉల్లికాడ లావుగా ఊరిందో దానికో కప్పు, ఎవడి పావురం ముందు గూటికి చేరిందో దానికో కప్పు, బాణాలు విసిరే డార్ట్స్‌కి కప్పు, చుక్కల బిళ్లల డొమినోలకి కప్పు. ఒక క్రిస్మస్‌కి క్లబ్బులో ఎవడు ఎక్కువ గుడ్లు మింగాడో చూసి దానిక్కూడా కప్పు ఇచ్చారు. నేను అబద్ధం చెప్పడం లేదు, ఆ గెలిచిన మహానుభావుడు ఇంకా బతికే ఉన్నాడు. బొగ్గు గని మూతపడ్డాక ఊళ్లో సగం మూతపడింది గానీ కప్పుల పిచ్చి మాత్రం తగ్గలేదు. ఆ కప్పులన్నిటి మీదా పేర్లు చెక్కింది ఒక్కడే, రేమండ్ హెస్లప్.

నా పేరు మోరీన్. రేమండ్ షాపు పక్కన బట్టలుతికే షాపు నాది. మధ్యలో ఒక్క వరస ఇటుక గోడ. అవతల రేమండ్ చెక్కుడు మెషిన్ కీచుమంటే ఇవతల నా సబ్బుపొడి డబ్బాలు వణుకుతాయి. ముప్పై ఏళ్లు ఆ కీచు భరించాను. ఇంగ్లండు ఉత్తరాన ఈ డరమ్ జిల్లా మొత్తంలో అంత ఓర్పున్న మనిషి ఇంకొకతె ఉంటే తీసుకొచ్చి చూపించండి.

రేమండ్ వాళ్ల నాన్న గనిలో చేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. కొడుకుని గని గేటు దగ్గరికి కూడా పోనివ్వలేదు. పట్నంలో ఒక వెండి కొట్టులో పెట్టి అక్షరాలు చెక్కడం నేర్పించాడు. నేర్చుకుని తిరిగొచ్చి షాపు పెట్టాడు రేమండ్. అప్పట్నుంచీ వేల పేర్లు చెక్కి ఉంటాడు. ఒక్క కప్పు మీద కూడా తన పేరు లేదు. ఏ ఆటలోనూ చేరేవాడు కాదు. ఎందుకయ్యా అంటే, "గెలిస్తే నా పేరు నేనే చెక్కుకోవాలి. చూసేవాళ్లకి ఏం బావుంటుంది అమ్మాయ్?" అనేవాడు. నాకు అరవై దాటినా నేను రేమండ్‌కి అమ్మాయినే.

ఆడ్రీ ఉన్నన్నాళ్లూ ఆ షాపు మాటల సంత. రేమండ్ భార్య ఆడ్రీ. గల్లాపెట్టె దగ్గర కూచుని వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆటపట్టించేది. పన్నులూ కాగితాలూ బ్యాంకులూ అన్నీ ఆవిడే. మా షాపుల లాంటి చిన్నవాటికి పన్ను మాఫీ ఉంది, కాకపోతే అడగాలి, కాగితం పెట్టాలి. ఆవిడ పెట్టేది. పిల్లల్లేరు. కిందటేడాది ముందటేడు ఆకులు రాలే కాలంలో ఆవిడ పోయింది. మూడు వారాల జబ్బు, అంతే.

ఆ తర్వాత ఆ షాపులో మాట వినబడడం మానేసింది. క్లబ్బులకి ఒక్కొక్కదానికే తాళాలు పడ్డాయి. మిగిలినవాళ్లు కంప్యూటర్‌లో నొక్కితే పేరుతో సహా ప్లాస్టిక్ కప్పు ఇంటికొస్తోంది. ఎన్ని రోజులు గోడకి చెవి పెట్టినా కీచు లేదు. పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడకపోతే గొంతు పూడుకుపోతుంది చూడండి, ఎవరైనా పలకరిస్తే మొదటి మాట గొంతులోనే ఇరుక్కుంటుంది. రేమండ్ గొంతు సాయంత్రం నాలుగింటికి కూడా అలాగే ఉండేది. నేను తొంగి చూసి "బతికే ఉన్నావా?" అంటే గొంతు సవరించుకుని "ఉన్నాననుకుంటా" అనేవాడు. నా దగ్గర ఎనిమిది మెషిన్లు తిరుగుతుంటాయి, నిలబడి కబుర్లు చెప్పడానికి నాకెక్కడ కుదురుతుంది.

పన్ను వసూలు చేసే కౌన్సిల్ నుంచి వచ్చిన కవర్లన్నీ, ఎవరూ పట్టుకెళ్లని ఒక పెద్ద డార్ట్స్ కప్పులో విప్పకుండా పడేశాడు. ఆడ్రీ ఉంటే విప్పేది, ఆడ్రీ లేదు, కాబట్టి విప్పలేదు. అంతే అతని లెక్క. మాఫీ పోయింది. పన్ను పడింది. కోర్టు దాకా పోయింది. జనవరిలో, కౌన్సిల్ వసూలుకి పెట్టుకున్న జప్తు కంపెనీవాడు వచ్చాడు.

జప్తువాడొస్తే తలుపు తియ్యకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. షాపైతే లోపల్నుంచి గొళ్లెం పెట్టాలి, అద్దంలోంచి మాట్లాడి పంపించెయ్యాలి. ఒకసారి లోపల అడుగు పెట్టనిచ్చామా, కనబడ్డదల్లా రాసుకుంటాడు, మళ్లీ వస్తే ఆపే హక్కు మనకుండదు. మా అమ్మ మా సోఫా ఎలా కాపాడుకుందో చెప్పమంటే అదో పెద్ద కథ. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన రేమండ్ హెస్లప్ ఏం చేశాడు? ఆ రోజు రాళ్లు పడ్డట్టు వాన. గుమ్మంలో భారీ మనిషి ఒకడు తడిసి ముద్దయి నిలబడ్డాడు. వాడు తన కార్డు తీసి చూపించేలోపే, "అలా తడిసి చస్తావేంటి అబ్బాయ్, లోపలికి రా, టీ పెడతా," అన్నాడు.

సాయంత్రం నాకు చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది.

"జప్తువాడికి టీ పోశావా?"

"బిస్కెట్లు కూడా ఇచ్చా."

"నీకు మతి ఉందా లేదా? మెషిన్ రాసుకున్నాడా?"

"రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే పెట్టా. వారం వారం నలభై పౌన్లు కడితే ముట్టుకోడట." ఆగి, కాస్త నవ్వుమొహం పెట్టాడు. "వాళ్ల తాత మన పక్క ఊరివాడే తెలుసా? డొమినోల్లో పేరున్నవాడు. షెల్ఫు మీద నా బిళ్లల పెట్టె చూసి గుర్తుపట్టాడు. వచ్చే గురువారం ఇటు వస్తే ఒక ఆట వేద్దామన్నాడు."

ఆ మనిషి పేరు గ్లెన్. నలభై దాటాయి. పెళ్లాం వదిలేస్తే అక్కగారింట్లో ఒక చిన్న గదిలో ఉంటున్నాడట. కొడుకుని పదిహేను రోజులకోసారి చూస్తాడట. ఇవన్నీ గోడ అవతల్నుంచి నా చెవిన పడ్డవే, నేను అడిగినవి కావు. గురువారాలు మా వీధికి రావడం వాడి వంతు. రెండింటికి వచ్చేవాడు. నడిచి వచ్చేవాడు, కారు కూడా చర్చి దగ్గర వదిలేసి. స్టాటీ అని మా వైపు మందపాటి గుండ్రటి రొట్టె, అందులో హామ్, అదే పందిమాంసం, పెట్టి కోసి ఉంచేవాడు రేమండ్. మూడు దాటేదాకా బిళ్లలు టకటకమంటూనే ఉండేవి. మధ్యలో నవ్వులు. రేమండ్ నవ్వు విని ఎన్నాళ్లయిందో, మొదటిసారి వినబడినప్పుడు ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకున్నాను.

మా ఊరివాడు కదా, కప్పు లేకుండా ఆట ఎలా ఆడతాడు? ఎప్పట్నుంచో అమ్ముడవని అరచెయ్యంత వెండిపూత కప్పొకటి తీశాడు. దాని మీద "గురువారం కప్పు" అని చెక్కాడు. ఆట అయ్యాక తేదీ వేసి గెలిచినవాడి పేరు చెక్కడం, గ్లెన్ పక్కన నిలబడి చూడడం. జప్తు కింద రాసుకున్న మెషిన్‌తోనే జప్తువాడి పేరు! నేను చూసి నోరు వెళ్లబెట్టాను.

ఇంకో సంగతి. వరసగా గ్లెన్, గ్లెన్, గ్లెన్. ఒక్క వారం కూడా రేమండ్ లేడు. రేమండ్ చిన్నప్పట్నుంచీ డొమినోల్లో ఎంత గట్టివాడో ఈ వీధికంతటికీ తెలుసు, లీగుల్లో చేరలేదు గానీ.

"కావాలని ఓడిపోతున్నావు కదూ?" అన్నాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గెలిచినవాడు మళ్లీ వస్తాడు అమ్మాయ్."

వెళ్లి నా మెషిన్లలోంచి బట్టలు తీసుకున్నాను.

ఈస్టర్‌కి ముందు ఒక గురువారం గ్లెన్ రాలేదు. కొడుక్కి అమ్మవారు పోసిందని తర్వాత తెలిసింది. మా లీగుల్లో ఒక రూలుంది. ఎదుటివాడు అరగంట దాకా రాకపోతే, వచ్చి కూచున్నవాడే గెలిచినట్టు. మర్నాడు కప్పు చూస్తే ఆ తేదీ పక్కన "ఆర్. హెస్లప్, ఎదుటివాడు రాలేదు" అని ఉంది. జీవితంలో మొదటిసారి ఒక కప్పు మీద తన పేరు. అదీ ఆ రకంగా.

"అరగంట చూసి చెక్కేశావా?" అన్నాను వేళాకోళంగా.

"గంట చూశా," అన్నాడు.

ఎండలు మొదలయ్యేసరికి పన్ను తీరిపోయింది. ఏడొందల చిల్లర, వారం వారం నలభై చొప్పున ఒక్క వారం తప్పకుండా కట్టాడు. ఎక్కడ కట్టాడు? ఆడ్రీ ఎక్కడ కట్టేదో అక్కడ, కౌన్సిల్ ఆఫీసు కిటికీ దగ్గర. సంతకం పెట్టిన కాగితంలో కంపెనీకి కట్టాలని ఉందట. ఎవరు చదివారు? కౌన్సిల్ తన డబ్బు తాను తీసుకుని ఊరుకుంది, కంపెనీకి ఒక్క ముక్క చెప్పలేదు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం రేమండ్ పైసా కట్టని మొండి బకాయిదారు. అప్పుడొచ్చింది బిల్లు.

అది చేత్తో పట్టుకుని మా షాపులోకి వచ్చాడు. కళ్లజోడు మర్చిపోయాడట, చదవమన్నాడు. చదివాను. నోటీసు పంపినందుకు డెబ్భై అయిదు పౌన్లు. మొదటిసారి గడప తొక్కినందుకు రెండొందల ముప్పై అయిదు. సరే, అవి చట్టం రాసిన రేట్లు, ఏడ్చుకుంటూ కట్టాల్సినవే. ఆ కింద మొదలైంది. ప్రతి గురువారం తేదీ వేసి, "సామాను తరలించుటకు వ్యాను, ఇద్దరు మనుషులు, బకాయిదారు గడువు కోరగా తిరిగి వచ్చుట" అంటూ రోజుకో మొత్తం. పన్ను ఏడొందలైతే జప్తు ఖర్చులు పదిహేడొందలు దాటాయి. వారంలోగా కట్టకపోతే మెషిన్ ఎత్తుకుపోతారు. బతుకుతెరువు పనిముట్లు ముట్టుకోకూడదని చట్టం ఉంది గానీ అది ఒక ఖరీదు దాకానే, ఈ మెషిన్ అంతకు మించిందని వాళ్లే రాశారు.

"ఏ వ్యాను?" అన్నాను. "ఎక్కడి ఇద్దరు మనుషులు? నేను ఈ అద్దం వెనక నిలబడే ఉన్నానుగా ప్రతి గురువారం!"

రేమండ్ వినడం లేదు. బిల్లులో తేదీల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి జరుపుతున్నాడు. "వాడు రాసుకునేవాడన్నమాట," అన్నాడు. "ఆడుతున్నంతసేపూ."

అలా అన్నప్పుడు అతని మొహం చూశాను. ఆడ్రీ పోయినప్పుడు కూడా అంత చిన్నబోలేదు. ఆ గ్లెన్ గాడు చేతికి దొరికితే డ్రైయర్‌లో వేసి తిప్పేద్దామనిపించింది.

దొరికాడు కూడా. గురువారం రెండింటికి ఏమీ ఎరగనట్టు వచ్చాడు. నేను నా షాపుకి తాళం వేసి వాడి వెనకే వెళ్లాను. రేమండ్ అప్పటికే టీ పోశాడు, రొట్టె కోశాడు. ఒక పళ్లెంలో బిల్లు పెట్టి వాడి ముందుకు జరిపాడు. ఇంకెవరైనా అయితే మొహాన కొట్టేవాళ్లు.

గ్లెన్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"దొంగ సచ్చినోడా," అన్నాను నేను, "తిన్న రొట్టెకి కూడా ఫీజు వేశావా?"

"అమ్మా, మీరు కాసేపాగండి." వాడు రేమండ్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, నా చేతికి ఈ యంత్రం కట్టారు చూశావా? గంట గంటకీ ఏ పని మీద ఉన్నానో ఇందులో నొక్కి ఆఫీసుకి చెప్పాలి. గురువారం గంటన్నర ఏం చేశావంటే ఏం చెప్పను? డొమినోలాడానని చెప్పనా? సామాను తరలించడానికి వెళ్లానని ఒక మీట నొక్కేవాణ్ణి. దానికి ఫీజు అదే పడుతుంది. చివర్లో ఎవరో ఒకరు కొట్టేస్తారులే అనుకున్నా."

"ఎవరో ఒకరా!" అన్నాను.

"అలా రాయకపోతే నన్ను రానిచ్చేవాళ్లు కాదు," అన్నాడు వాడు, రేమండ్‌తోనే.

రేమండ్ బిల్లున్న పళ్లెం పక్కకి జరిపాడు. తర్వాత, దేవుడి సాక్షిగా చెబుతున్నా, ఆ మనిషి మొహం విచ్చుకుంది. "అంటే ఆటకే వచ్చావన్నమాట," అన్నాడు.

"ఇంకెందుకొస్తా?"

"మరి టీ చల్లారిపోతోంది, తాగు."

పదిహేడొందల పౌన్లు నెత్తిన పడితే సంతోషపడే మనిషిని అప్పుడే చూడడం. నేను తలుపు ధడాలున వేసి వచ్చేశాను. కాసేపటికి బిళ్లల చప్పుడు వినబడింది. ఆ రోజు కూడా గ్లెనే గెలిచాడు.

సరే, వాళ్లిద్దరూ పిచ్చివాళ్లు, నేను కాదు కదా. లైబ్రరీలో సలహాలు చెప్పే పెద్దమనిషి దగ్గరికి రేమండ్‌ని రెక్క పట్టుకుని తీసుకెళ్లాను. ఆయన బిల్లు చూసి, ఎన్నిసార్లొచ్చినా గడప తొక్కిన ఫీజు ఒక్కసారేనని, వ్యాను ఖర్చు వేయాలంటే వ్యాను నిజంగా వచ్చి ఉండాలని చెప్పాడు. మొదట కంపెనీకి రాయమన్నాడు. రాశాం. అన్నీ సక్రమమేనని, తమ మనిషి ప్రతి గురువారం వ్యానుతో వచ్చినట్టు నమోదై ఉందని జవాబు. తర్వాత కౌన్సిల్‌కి రాశాం, మీరు పెట్టుకున్న మనుషులకి మీదే పూచీ అని. విచారణకి రమ్మన్నారు. అంతవరకూ మెషిన్ ముట్టుకోవద్దని ఆపారు. కాకపోతే, పక్కషాపావిడ చూశానంటే చాలదట, ఆవిడ మీ స్నేహితురాలు కదా, ఇంకేదైనా రుజువు కావాలట. నా మాట చాలదట! నేను ఈ వీధిలో పుట్టినదాన్ని.

అప్పుడు బిల్లూ కప్పూ పక్కపక్కన పెట్టి తేదీలు కలిపి చూశాను. ఈస్టర్ ముందు గురువారం దగ్గర ఆగిపోయాను. బిల్లులో వ్యాను, ఇద్దరు మనుషులు. కప్పు మీద "ఎదుటివాడు రాలేదు".

"రేమండ్!" అని అరిచాను. "ఇది చాలు! ఆ రోజు వాడు అసలు రానే లేదు! ఇంట్లో కూచుని నొక్కాడు! ఈ ఒక్క గీత చూపిస్తే బిల్లంతా కుప్పకూలుతుంది."

రేమండ్ కప్పు నా చేతిలోంచి తీసుకుని షెల్ఫు మీద పెట్టాడు, ఆ గీత గోడవైపుకి తిప్పి. అప్పుడర్థమైంది నాకు. అతనికి ముందే తెలుసు.

"పిల్లాడికి బాగా లేక ఉండిపోయాడు," అన్నాడు. "ఇది చూపిస్తే వాడి ఉద్యోగం పోతుంది."

"చూపించకపోతే నీ మెషిన్ పోతుంది!"

"పోనీలే. కీచు భరించలేకపోతున్నానంటావుగా."

"నోరు ముయ్యి. మెషిన్ పోతే షాపెందుకు? షాపు లేకపోతే వాడు మాత్రం ఎక్కడికొస్తాడు ఆటకి?"

నన్ను గుమ్మం దాటించాడు. గొళ్లెం పెట్టుకున్నాడు. రెండు మూడు రోజులు నాకు కూడా తలుపు తియ్యలేదు. జప్తువాడికి తియ్యకూడనప్పుడు తీసి, నాకు వేశాడు చూడండి.

విచారణ ముందురోజు తనే వచ్చాడు. చేతిలో ఒక ఇత్తడి పలక, నున్నగా, ఏమీ లేకుండా. శ్మశానం తోటలో ఆడ్రీ గుర్తుగా వేసిన బెంచీకి బిగించాల్సిన పలక అది. ఇన్నాళ్లూ చెక్కలేదని నాకు తెలీదు. "వేల పేర్లు చెక్కాను అమ్మాయ్," అన్నాడు. "దీని దగ్గర చెయ్యి కదలడం లేదు. ఏదో ఒక రోజు కదులుతుంది. ఆ రోజుకి మెషిన్ నా దగ్గర ఉండాలి. ఆవిడ పేరు వేరేవాడి చేత చెక్కించలేను." పలక జేబులో పెట్టుకున్నాడు. "కప్పు పట్టుకొస్తా."

నాకు కళ్లనీళ్లొచ్చాయి. సబ్బుపొడి పడిందన్నాను.

కౌన్సిల్ ఆఫీసులో మిస్ ఫెన్విక్ అని ఒక చిన్నమ్మాయి విచారణ చేసింది. కంపెనీ తరఫున టై కట్టుకున్నవాడొకడు వచ్చాడు. గ్లెన్ రాలేదు. రేమండ్ జేబులోంచి చేతిరుమాలు తీసి, విప్పి, ఆ చిన్న కప్పుని బల్ల మీద పెట్టాడు.

"ఏంటండీ ఇది?" అంది ఆ అమ్మాయి.

"గురువారం కప్పమ్మా."

ఆవిడ తిప్పి తిప్పి చదివింది. టైగాడు పకపకా నవ్వి, "హెస్లప్ గారు ఇంట్లో కూచుని నిన్న చెక్కుకున్నా చెక్కుకుంటారు," అన్నాడు. నేను లేచాను. రేమండ్ నా మోచెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు.

"తొలి గీతలు నల్లబడ్డాయి చూడమ్మా," అన్నాడు మెల్లగా. "ప్రతి వారం తుడిచినా గాట్లలోకి నలుపు దిగుతుంది. కిందికి పోయేకొద్దీ తెలుపు. నిన్న చెక్కినవైతే అన్నీ ఒక్కలాగే మెరుస్తాయి."

మిస్ ఫెన్విక్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో చూసింది. తిరిగొచ్చి కూచుంది. కప్పు మీదా బిల్లు మీదా వేలు పెట్టి అడిగింది. "ఈ గురువారం ఆయన రాలేదని మీకు ఖాయంగా గుర్తుందా హెస్లప్ గారూ?"

"ఉందమ్మా."

"ఎలా గుర్తుంది?"

రేమండ్ గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గరికి ఇంకెవరూ రారమ్మా," అన్నాడు. "వారానికి అదొక్క రోజే. అందుకని గుర్తుంది."

నాకైతే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆ అమ్మాయి తల దించుకుని రాసుకుంది. తల ఎత్తి మళ్లీ అడిగింది. "అయితే ఆయన మిగతా రోజుల్లో వచ్చింది జప్తు పని మీద కాదు. స్నేహితుడిగా వచ్చారు. అలా రాసుకోమంటారా?"

"రాసుకోమ్మా," అన్నాడు రేమండ్. "అలాగే రాసుకో."

గెలిచాం. గురువారాలన్నీ కొట్టేశారు. మొదటి రెండు ఫీజులే మిగిలాయి, అవీ విడతల్లో. మెషిన్ మీద జప్తు ఎత్తేశారు. మాఫీ కాగితం నేనే దగ్గర కూచుని రాయించాను. కౌన్సిల్‌నీ కంపెనీనీ ఒంటిచేత్తో మట్టి కరిపించానని నేను ఊరంతా చెప్పుకున్నాను, ఇప్పుడూ చెబుతా. గ్లెన్ ఉద్యోగం ఆ వారమే ఊడింది. వాళ్లక్క నా దగ్గర దుప్పట్లు ఉతికించుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను. దేశం దక్షిణాన ఎక్కడో గిడ్డంగిలో పని దొరికిందట, వెళ్లిపోయాడట. రేమండ్ మీద కోపమా అంటే, లేదంది. మొహం చెల్లక రాలేదంది.

రేమండ్‌తో ఆ మాట చెప్పాను. "మొహానికేం," అన్నాడు, "బానే ఉండేది."

కప్పుని కౌన్సిల్‌వాళ్లు తిరిగి పంపారు. ఆ వచ్చిన గురువారం రెండున్నరకి నా సబ్బుపొడి డబ్బాలు వణికాయి. అబ్బ, పని దొరికినట్టుంది అనుకున్నాను. తర్వాతి గురువారం కూడా సరిగ్గా రెండున్నరకే. ఆ పై వారం అప్పుడే. అనుమానమొచ్చి వెళ్లి చూశాను. బల్ల మీద బిళ్లలు బోర్లించి కలిపి ఉన్నాయి, రెండు వైపులా ఏడేసి పంచి. ఎదుటి కుర్చీ ముందు రొట్టె కోసి ఉంది. రేమండ్ మెషిన్ దగ్గర వంగి కప్పు మీద చెక్కుతున్నాడు. ఆర్. హెస్లప్. దాని పైన ఆర్. హెస్లప్. దాని పైన ఆర్. హెస్లప్.

"ఏంటిది రేమండ్?"

"రూలు," అన్నాడు. "అరగంట చూడాలి. చూశాను."

"వాడు ఊళ్లోనే లేడని చెప్పానుగా!"

"లీగు ఆపేస్తున్నట్టు వాడు చెప్పలేదుగా."

నేను ఆడతానన్నాను. నా ఎనిమిది మెషిన్లూ ఆగిపోయినా ఫరవాలేదన్నాను. మర్యాదగానే వద్దన్నాడు. లీగు మొదలుపెట్టింది ఇద్దరే, ఏడాది మధ్యలో మూడో మనిషిని చేర్చుకోకూడదట. ఏ లీగులో ఉందో ఆ రూలు నాకు తెలీదు.

అప్పట్నుంచీ గురువారం రెండున్నర అయ్యేసరికి నా పని ఆగిపోతుంది. చేతిలో ఎవరి దుప్పటి ఉంటే అది పట్టుకుని నిలబడతాను. గోడ అవతల కీచుమంటుంది. అంటే ఎవరూ రాలేదు. డబ్బాలు వణకడం ఆగాక దుప్పటి మడత పెడతాను. ఆకులు రాలే కాలమంతా అలాగే గడిచింది.

నిన్న గురువారం. రెండున్నర అయింది. కీచు లేదు. రెండూ ముప్పావు అయింది. లేదు. వచ్చాడు, గ్లెన్ వచ్చాడు అనుకున్నాను. ఆడుతున్నారు, ఇంకా ఆట అవలేదు! తడి బట్టలు నేల మీదే వదిలేసి పరిగెత్తాను.

రేమండ్ ఒక్కడే ఉన్నాడు. బిళ్లలు పంచి ఉన్నాయి. రొట్టె కోసి ఉంది. కప్పుని ఒళ్లో పెట్టుకుని వేలితో చుట్టూ తడుముతున్నాడు. మెషిన్ పక్కన ఆ ఇత్తడి పలక, ఇంకా నున్నగానే ఉంది.

"ఎవరైనా వచ్చారా?" అన్నాను రొప్పుతూ.

గొంతు సవరించుకున్నాడు. "లేదు అమ్మాయ్," అన్నాడు. "కప్పు మీద చోటు అయిపోయింది."